కొలిస్టిన్ తప్ప ఏదీ పనిచేయదంటున్నారు, ఫేజ్ చికిత్స గురించి తెలిసినవాళ్లు చెప్పండి

కొల్లేటి గట్టు | సోమవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 67 ఏళ్లు. షుగర్ వచ్చి 18 ఏళ్లయింది. ఆగస్టులో పొలంలో ముల్లు గుచ్చుకుని కుడి బొటనవేలి కింద పుండు పడింది. కాలికి స్పర్శ లేదు కాబట్టి ఆయనకి తెలియలేదు. మేం చూసేసరికి చీము పట్టేసింది. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు రెండు నెలల్లో నాలుగు రకాల యాంటీబయాటిక్స్ మార్చి మార్చి ఇచ్చారు. ఇప్పుడు పట్నంలో ఆసుపత్రిలో ఉన్నాం. రెండు వేళ్లు తీసేశారు. కల్చర్ రిపోర్టులో క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బ్యాక్టీరియా పేరు రాసి, కింద వరసగా మందుల పేర్లు, ఒక్కోదాని పక్కన 'ఆర్' అని ఉంది, అంటే ఆ మందుకి అది లొంగదని. 16 లెక్కపెట్టాను. ఒక్క కొలిస్టిన్ మిగిలింది, అది కిడ్నీల మీద పడుతుందని డాక్టరుగారు వెనకాడుతున్నారు. నాన్నగారి క్రియాటినిన్ ఇప్పటికే 1.9.

మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. వాడు నిన్న ఫోన్ చేసి, "అక్కా, బ్యాక్టీరియాని చంపే వైరస్‌లు ఉంటాయి, ఫేజ్‌లంటారు, వాటితో చావు అంచున ఉన్నాయన్ని బతికించారు ఇక్కడ, కనుక్కో" అన్నాడు. ఇక్కడ డ్యూటీ డాక్టర్ని అడిగితే, విన్నానమ్మా, మన దగ్గర లేదు అన్నారు. ఇది నిజమేనా? ఎక్కడికైనా తీసుకెళ్లాలా? కాలు తీసేయాల్సి వస్తుందేమోనని భయంగా ఉంది.

మోడరేటర్ | సోమవారం, రాత్రి 11:05

అమ్మా, రిపోర్టు ఫొటో పెట్టాలనుకుంటే పేరు, ఆసుపత్రి పేరు, యూహెచ్‌ఐడీ నంబరు (ఆసుపత్రి రోగికి ఇచ్చే నంబరు) కనిపించకుండా చూసుకోండి. మిగతా సభ్యులకి: ఇక్కడ ఎవరూ మందు మోతాదులు రాయవద్దు.

పెట్రి డిష్ | మంగళవారం, ఉదయం 6:18

నేను 14 ఏళ్లుగా ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. మీరు చూసిన 'ఆర్'ల వరస మేం రోజూ టైపు చేస్తున్నాం. అందుకే మిగతాదంతా తర్వాత, ముందు ఒక్క పని చెయ్యండి. ఈ రోజే ల్యాబ్‌కి వెళ్లి, నాన్నగారి పుండులోంచి పెంచిన ఆ క్లెబ్సియెల్లాని పారేయకుండా దాచమని అడగండి. ప్లేట్లు కొన్ని రోజులే ఉంచుతారు, తర్వాత ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రంలో వేసి పారేస్తారు. గ్లిసరాల్‌లో కలిపి మైనస్ 80 ఫ్రీజర్లో పెడితే ఏళ్లకేళ్లు ఉంటుంది. ఫేజ్ చికిత్స అన్న మాట ఎత్తాలంటే మీ చేతిలో ఉండాల్సింది డబ్బు కాదు, పాస్‌పోర్టు కాదు, ఆ సీసా.

ఎందుకో చెబుతాను. బ్యాక్టీరియోఫేజ్ అంటే బ్యాక్టీరియాకి పట్టే వైరస్. ప్రతి ఫేజ్‌కి తోక చివర పట్టుకునే వేళ్లలాంటివి ఉంటాయి, అవి ఒక రకం బ్యాక్టీరియా ఒంటి మీద ఒక నిర్దిష్టమైన చోటే అతుక్కుంటాయి. అతుక్కున్నాక తన డీఎన్‌ఏని లోపలికి దించుతుంది. ఆ తర్వాత బ్యాక్టీరియా తన పని మానేసి ఫేజ్‌లని తయారుచేస్తుంది. టీ4 అనే ఫేజ్ ఈ-కోలై అనే బ్యాక్టీరియాలో పడితే అరగంట లోపే ఆ కణం పగిలి, వంద పైచిలుకు కొత్త ఫేజ్‌లు బయటికొస్తాయి. మళ్లీ పక్కదాన్ని పట్టుకుంటాయి. యాంటీబయాటిక్ ఒంట్లోకి వెళ్లాక తరుగుతుంది, ఇది తన తిండి దొరికినంతసేపు పెరుగుతుంది.

చిక్కు ఏంటంటే ఆ అతుక్కునే చోటు. క్లెబ్సియెల్లా ఒంటి చుట్టూ చక్కెరలతో అల్లిన దళసరి పొర ఉంటుంది, దాన్ని క్యాప్సూల్ అంటాం. ఆ పొరలో పదుల రకాలున్నాయి. ఒక రకం పొరని కోసే ఫేజ్ రెండో రకాన్ని ముట్టుకోదు. పక్క మంచం మీద ఉన్నాయనకి కూడా క్లెబ్సియెల్లానే అయినా, ఆయనకి పనికొచ్చిన ఫేజ్ మీ నాన్నగారికి పనికి రాకపోవచ్చు. తాళం ఎదురుగా పెట్టుకుంటేనే తాళంచెవి కొట్టించగలం. ఆ తాళమే మీ ల్యాబ్ ప్లేటు మీద ఉంది.

సందేహాల శీను | మంగళవారం, ఉదయం 8:30

వైరస్ అంటున్నారు కదండీ. ఒంట్లోకి ఎక్కిస్తే మనకే పట్టుకోదా? కోవిడ్ చూశాక ఆ మాట వింటేనే ఒళ్లు జలదరిస్తోంది.

పెట్రి డిష్ | మంగళవారం, ఉదయం 8:52

మన కణాల మీద దానికి అతుక్కునే చోటు లేదు. ఇప్పుడు కూడా మీ నోట్లో, పేగుల్లో కోట్లకొద్దీ ఫేజ్‌లు ఉన్నాయి. భూమ్మీద మిగతా జీవులన్నీ కలిపినా వాటి లెక్కకి రావు. మురుగుకాలవలో, చెరువులో, మట్టిలో, బ్యాక్టీరియా ఎక్కడుంటే అక్కడ ఫేజ్ ఉంటుంది.

అలాగని ఏ ఫేజైనా ఫర్వాలేదనుకోకండి. కొన్ని ఫేజ్‌లు బ్యాక్టీరియాని చంపకుండా దాని డీఎన్‌ఏలో దూరి కాపురం పెడతాయి. పోతూ పోతూ విషపు జన్యువుల్ని కూడా అంటిస్తాయి. కలరా విషం జన్యువు ఫేజ్ మోసుకొచ్చిందేనని 1996లో తేలింది. కంఠసర్పి, అంటే డిఫ్తీరియా విషం కూడా అంతే. అందుకే మనిషికి ఇచ్చే ఫేజ్ జన్యువుల్ని మొత్తం చదివి, అది చంపే రకమే అని నిర్ధారించాలి. రెండోది, క్లెబ్సియెల్లా లాంటివి పగిలినప్పుడు వాటి గోడలోని ఎండోటాక్సిన్ అనే విషం ద్రావణంలో కలుస్తుంది. అది తీయకుండా నరంలోకి ఎక్కిస్తే జ్వరం, బీపీ పడిపోవడం, ప్రాణం మీదికి రావడం. కాలవ నీళ్లలో ఫేజ్‌ని దొరికించుకోవడం మా ల్యాబ్‌లో ఒక్క రోజు పని. దాన్ని మందుగా శుభ్రం చేయడానికే వారాలు పడుతుంది.

పాత పాఠం | మంగళవారం, మధ్యాహ్నం 1:15

జువాలజీ అధ్యాపకుడిగా చేసి రిటైరయ్యాను. ఈ కథలో మన దేశం పాత్ర చాలామందికి తెలియదు, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ఆగ్రాలో ప్రభుత్వ రసాయన పరీక్షకుడిగా ఉన్న ఎర్నెస్ట్ హాంకిన్ 1896లో పాస్చర్ ఇన్‌స్టిట్యూట్ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. గంగ, యమున నీళ్లలో కలరా క్రిములు వేస్తే మూడు గంటల్లో చస్తున్నాయి, అదే నీళ్లు కాచి వేస్తే రెండు రోజులైనా బతికే ఉన్నాయి అని. అది ఫేజ్ పనేనని ఇవాళ చాలామంది రాస్తున్నారు. ఆయన ప్రయోగాలతో అంత గట్టిగా తేలదు. కాస్తే పోయేది ఏదో ఆవిరయ్యే పదార్థమని ఆయనే అనుకున్నాడు. అయినా ప్రశ్న పుట్టింది అక్కడే.

1915లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ ట్వార్ట్, 1917లో పారిస్‌లో ఫెలిక్స్ డెరెల్ విడివిడిగా ఇదే వింత చూశారు. డెరెల్ రక్తవిరేచనాలతో పడి ఉన్న సైనికుల మలం వడగట్టి, ఆ వడపోత నీటిని బ్యాక్టీరియా పెరిగిన ప్లేటు మీద వేస్తే గుండ్రటి ఖాళీ మచ్చలు పడ్డాయి. బ్యాక్టీరియోఫేజ్ అన్న పేరు డెరెల్ పెట్టిందే. 1919లో పారిస్ పిల్లల ఆసుపత్రిలో రక్తవిరేచనాలతో ఉన్న 12 ఏళ్ల కుర్రాడికి తాగించాడు, కుర్రాడు కోలుకున్నాడు. 1927లో ఆయన మన దేశం వచ్చి కలకత్తాలోనూ పంజాబ్‌లోనూ కలరా రోగుల మీద ప్రయత్నించాడు. పల్లెల్లో బావుల్లో కూడా ఫేజ్ పోశారు. తర్వాత అస్సాంలో నౌగాంగ్ ప్రాంతంలో ఊళ్లకి ఊళ్లు ఫేజ్ సీసాలు పంచారు, పట్నాలో విడిగా పరిశోధన నడిచింది. ఇదంతా పెన్సిలిన్ మందుగా రాకముందు.

మరి ఎందుకు మరుగున పడింది? సీసాలో బతికున్న ఫేజ్ ఉందో లేదో ఎవరూ లెక్కపెట్టలేదు. కంపెనీలు పాడవకుండా ఉండేందుకు కలిపిన రసాయనాలు ఫేజ్‌లనే చంపేసేవి. ఏ జబ్బుకి ఏ ఫేజో చూడకుండా కురుపు దగ్గర్నుంచి మూత్రనాళం దాకా అమ్మేశారు. 1934లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన సమీక్ష దీని మీద నమ్మకాన్ని బాగా తగ్గించింది. తర్వాత యాంటీబయాటిక్స్ వచ్చాయి, ఒక్క మందు పది రోగాలకి పనిచేసింది, ఇక దీనితో ఎవరికి పని? జార్జియా దేశంలో మాత్రం ఆగలేదు. డెరెల్ స్నేహితుడు గియోర్గి ఎలియావా 1923లో టిబిలిసిలో పెట్టిన సంస్థ ఇవాళ్టికీ ఉంది. ఆయన్ని మాత్రం 1937లో స్టాలిన్ ప్రభుత్వం ప్రజల శత్రువని ముద్రవేసి చంపేసింది. ఆ సంగతి తరగతిలో చెప్పిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేసేది.

పండు వెన్నెల | మంగళవారం, మధ్యాహ్నం 2:40

మాస్టారూ, మరి మా ఇంట్లో కాశీ నుంచి తెచ్చిన గంగాజలం ఉంది. పుండు మీద పోసి కడిగితే మంచిదేనా? కొల్లేటి గట్టు గారికి చెబుదామనిపించింది.

పెట్రి డిష్ | మంగళవారం, మధ్యాహ్నం 2:47

వద్దండీ. దయచేసి వద్దు. మీ మంచి మనసు అర్థమైంది. నది నీళ్లలో ఏ ఫేజ్ ఉందో తెలియదు, దానితోపాటు ఏ బ్యాక్టీరియా ఉందో అసలు తెలియదు. షుగర్ పుండు మీద పోస్తే కొత్త క్రిమిని చేతులారా ఎక్కించినట్టే. చెరువు నీళ్లయినా, కాలవ నీళ్లయినా అంతే.

రెండో అభిప్రాయం | మంగళవారం, రాత్రి 9:20

నేను ఐసీయూ డాక్టర్ని. కొల్లేటి గట్టు గారూ, మీ ఆశని తగ్గించడానికి కాదు రాస్తున్నది, సమయం తప్పు చోట పోకూడదని.

మీ తమ్ముడు చెప్పినాయన శాన్‌డియెగోలో ప్రొఫెసర్ టామ్ ప్యాటర్సన్. 2015 నవంబరులో ఈజిప్టు యాత్రలో క్లోమం వాచి, అసినెటోబ్యాక్టర్ అనే మొండి బ్యాక్టీరియా పట్టి, కోమాలోకి వెళ్లారు. ఆయన భార్య స్టెఫనీ స్ట్రాత్‌డీ అంటువ్యాధుల శాస్త్రవేత్త. ఆవిడ ప్రపంచంలో ఫేజ్‌ల మీద పనిచేసేవాళ్లకి ఉత్తరాలు రాసి, టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం ఒకటి, అమెరికా నౌకాదళం ల్యాబ్ ఒకటి కదిలేలా చేసింది. 2016 మార్చిలో ఫేజ్‌లు ఎక్కించారు, ఆయన లేచి కూర్చున్నారు. అద్భుతమే. కానీ అదే కథలో జనం చెప్పని సగం ఉంది. కొద్ది రోజుల్లోనే ఆ బ్యాక్టీరియా మొదటి ఫేజ్‌లకి లొంగడం మానేసింది. మళ్లీ కొత్త ఫేజ్ వెతకాల్సి వచ్చింది. వాటితోపాటు మినోసైక్లిన్ కూడా ఇచ్చారు. ఫేజ్ ఒక్కటే చేసిన పని కాదు.

ఒక్క మనిషి బతికితే వార్త అవుతుంది, పోతే కాదు. అందుకే ట్రయల్స్ చూడాలి. ఫ్రాన్స్, బెల్జియంలలో కాలిన గాయాల మీద చేరే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాకి 12 ఫేజ్‌ల మిశ్రమంతో ట్రయల్ చేశారు. 27 మందితోనే ఆగిపోయింది. మిల్లీలీటరుకి 10 లక్షల ఫేజ్‌లు ఉండాల్సిన చోట రోగి దగ్గరికొచ్చేసరికి 10 నుంచి 100 మిగిలాయి. మామూలు సిల్వర్ సల్ఫాడయజిన్ పూత కంటే నెమ్మదిగా పనిచేసింది. ఢాకాలో విరేచనాలతో ఉన్న పసిపిల్లలకి ఈ-కోలై ఫేజ్‌లు ఇచ్చారు, 2016లో ఫలితం వచ్చింది: హాని లేదు, లాభమూ లేదు. టిబిలిసిలోనే ప్రోస్టేట్ ఆపరేషన్‌కి ముందు మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్ల మీద చేసిన ట్రయల్ 2021లో వచ్చింది. ఫేజ్‌తో మూత్రాశయం కడిగినా, మందులేని ద్రావణంతో కడిగినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

మీరు రేపు ఉదయం మీ డాక్టరుగార్ని అడగాల్సినవి నా ఉద్దేశంలో ఇవి. మొదటిది, ఎముకలోకి వెళ్లిందా, ఎంఆర్‌ఐ తీశారా. రెండోది, కాలికి రక్తప్రసరణ ఎలా ఉంది, డాప్లర్ చేశారా, వ్యాస్కులర్ సర్జన్ చూశారా. రక్తం అందని కాలికి ఏ మందూ చేరదు, ఫేజ్ కూడా చేరదు. మూడోది, ఇది ఎన్‌డీఎం ఎంజైము (యాంటీబయాటిక్స్‌ని విరగ్గొట్టేది) ఉన్న రకమా. అయితే సెఫ్టజిడిమ్-అవిబాక్టమ్, అజ్‌ట్రియోనామ్ రెండూ కలిపి ఇచ్చే పద్ధతి ఉంది. ఆ రెండూ కలిపి పనిచేస్తాయా అని ల్యాబ్‌లో పరీక్ష చేయించమనండి. రిపోర్టులో విడివిడిగా రెండింటికీ 'ఆర్' ఉన్నా కలిపితే పనిచేయవచ్చు. కొలిస్టిన్ తప్ప దారిలేదనే ముందు ఇది చూడాలి.

వెలుగు రొయ్య | మంగళవారం, రాత్రి 11:36

నేను డాక్టర్ని కాదండి. కాకినాడ అవతల ఒడ్డున రొయ్యపిల్లల హ్యాచరీలో టెక్నీషియన్ని, 11 ఏళ్ల అనుభవం. మా దగ్గర ఈ ఫేజ్ మాట ఎప్పట్నుంచో ఉంది కాబట్టి చెబుతున్నా.

రాత్రిపూట లైట్లు ఆపి ట్యాంకులోకి చూస్తే పిల్లలు నీలంగా మెరుస్తూ కనపడతాయి. కొత్తగా చూసినవాళ్లు ఎంత బాగుందో అంటారు. మాకు గుండెల్లో రాయి పడుతుంది. అది విబ్రియో అనే బ్యాక్టీరియా, వెలుగు చిమ్మే రకం. తెల్లారేసరికి పిల్లలు అడుగున పడి ఉంటాయి, ట్యాంకు మొత్తం పోతుంది. పూర్వం క్లోరాంఫెనికాల్, ఇంకేవో యాంటీబయాటిక్స్ పోసేవాళ్లు. విబ్రియో మొండికేసింది. పైగా ఆ మందుల అవశేషాలు దొరికి విదేశాల నుంచి కంటైనర్లు వెనక్కొచ్చాయి. 2016లో యూరోపియన్ యూనియన్ మన దేశం రొయ్యల తనిఖీని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. అప్పుడు రైతు పడ్డ బాధ చూశాను.

మంగళూరు ఫిషరీస్ కాలేజీవాళ్లు వెలుగు విబ్రియోకి ఫేజ్‌లు పట్టి, హ్యాచరీ ట్యాంకుల్లోనే వేసి చూపించారు. యాంటీబయాటిక్ వేసిన ట్యాంకుల్లో కంటే పిల్లలు ఎక్కువ బతికాయి. ఆ తర్వాత డీలర్లు ఫేజ్ పేరుతో సీసాలు అమ్మడం మొదలెట్టారు. నేనూ ఒకటి తెచ్చాను. ఒక బ్యాచ్‌లో మెరుపు రెండో రాత్రికి ఆగిపోయింది. చేతులెత్తి దణ్ణం పెట్టాం. తర్వాతి బ్యాచ్‌లో అదే సీసా, అదే మోతాదు, నాలుగు ట్యాంకులు పోయాయి. యజమాని నా మీద అరిచాడు. నీళ్లు ల్యాబ్‌కి పంపిస్తే తేలింది, ఈసారి వచ్చింది వేరే విబ్రియో. సీసాలో దానికి సరిపడే ఫేజ్ లేదు. పెట్రి డిష్ మేడం చెప్పిన తాళం సంగతి నేను నాలుగు ట్యాంకులు పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఇప్పుడు ముందు నీళ్లు పరీక్ష చేయించకుండా ఏ సీసా మూతా తియ్యను.

కురా ఒడ్డున | బుధవారం, ఉదయం 5:50

అక్కా, నాది ఖమ్మం. టిబిలిసిలో మెడిసిన్ నాలుగో సంవత్సరం. ఇక్కడ మన తెలుగు పిల్లలు చాలామందిమి ఉన్నాం. ఎలియావా సంస్థ ఊళ్లోనే, నది ఒడ్డున ఉంటుంది. పాత కట్టడం. ఇక్కడ ఫేజ్ ఏం వింత కాదు, మందుల షాపులో పయో, ఇంటెస్టి అని చిన్న సీసాల్లో దొరుకుతయి. పయో గాయాలకి, చీముకి. ఇంటెస్టి పేగులకి. మా హాస్టల్ వార్డెన్ అవ్వ కడుపు చెడితే ఇంటెస్టి తాగుతది.

అయితే అక్కా, ఆ సీసా కొని పంపుతమని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు, కొనొద్దు. అది నలుగురిలో తిరిగే మామూలు రకాలకి చేసిన మిశ్రమం. నాయినకి ఉన్నలాంటి మొండి రకానికి ఇక్కడ కూడా ముందు శాంపిల్ తీసుకుని, వాళ్ల దగ్గరున్న ఫేజ్‌లతో ఒక్కొక్కటిగా పరీక్ష చేస్తరు. ఏదీ పడకపోతే ఆ మనిషి కోసమే కొత్తది పడతరు, దానికి వారాలు. బయటి దేశాల రోగులకి వేరే కేంద్రం ఉంది, బ్యాక్టీరియా దూరం నుంచి పంపినా తీసుకుంటరు. ఇప్పుడున్న పరిస్థితిలో నాయిన్ని విమానం ఎక్కియ్యకండి. పంపాల్సింది క్రిమిని, మనిషిని కాదు.

పెట్రి డిష్ | బుధవారం, ఉదయం 7:10

కురా ఒడ్డున, చాలా మంచి మాట చెప్పావు నాయనా.

రెండో అభిప్రాయం గారూ, మీరు చెప్పిన ట్రయల్స్ అన్నీ నిజం. కానీ వాటిలో ఒక్కటి గమనించండి. ఢాకాలో పిల్లల విరేచనాలకి చాలామందిలో కారణం ఈ-కోలైయే కాదు, ఉన్నచోట కూడా పేగుల్లో దాని సంఖ్య తక్కువ. తిండి లేకపోతే ఫేజ్ పెరగదు. కాలిన గాయాల ట్రయల్లో సీసాలో బతికున్నవే లేవు. రెండు చోట్లా దెబ్బతిన్నది ఒకటే, అందరికీ ఒకే సీసా అన్న పద్ధతి. మాస్టారు చెప్పిన 1930ల తప్పు మళ్లీ చేశాం.

బెల్జియంలో 2018 నుంచి డాక్టరు రాసిన చీటీ మీద ఫార్మసీలో ఆ రోగి కోసమే ఫేజ్ కలిపి ఇచ్చే పద్ధతి ఉంది. వాళ్లు సమన్వయం చేసిన మొదటి 100 కేసులు, 12 దేశాలవి, 2024లో ప్రచురించారు. 77.2 శాతం కేసుల్లో రోగి పరిస్థితి మెరుగుపడింది, 61.3 శాతంలో ఆ బ్యాక్టీరియా మళ్లీ కనపడలేదు. యాంటీబయాటిక్ కలపకుండా ఫేజ్ ఒక్కటే ఇచ్చినవాళ్లలో క్రిమి పూర్తిగా పోయే అవకాశం బాగా తగ్గింది.

ఇంకొకటి, ఇది కొల్లేటి గట్టు గారి కోసం. 2016లో బ్రస్సెల్స్ విమానాశ్రయం పేలుడులో ఒకావిడకి తొడ ఎముక విరిగి, అందులో ఏ మందుకీ లొంగని క్లెబ్సియెల్లా చేరింది. అవును, అదే క్రిమి. టిబిలిసిలో ఆవిడ బ్యాక్టీరియా మీదే ఒక ఫేజ్‌ని మళ్లీ మళ్లీ పెంచి, బాగా చంపేలా తీర్చి, ఆపరేషన్ చేసినచోట గొట్టం ద్వారా ఎక్కించారు, యాంటీబయాటిక్స్‌తో కలిపి. పేలుడు జరిగిన దాదాపు రెండేళ్లకి. ఎముక అతికింది, మూడేళ్లకి ఆవిడ సైకిల్ తొక్కుతోంది.

రెండో అభిప్రాయం | బుధవారం, మధ్యాహ్నం 3:05

ఆ 100 కేసుల వ్యాసం చదివాను మేడం. పోల్చడానికి ఫేజ్ ఇవ్వని గుంపు లేదు. ఆపరేషన్, యాంటీబయాటిక్, ఫేజ్ మూడూ ఇచ్చాక ఏది బాగుచేసిందో ఎలా చెబుతాం? అయినా మీ వాదనలో బలం ఉందని ఒప్పుకుంటాను. ఒక్కొక్కరికీ వేరే మందైనప్పుడు మామూలు పద్ధతిలో ట్రయల్ పెట్టడమే కష్టం.

నన్ను నిజంగా కదిలించింది అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంవాళ్ల పని. కనెక్టికట్‌లో ఒక చెరువులో దొరికిన ఫేజ్ సూడోమోనాస్ ఒంటి మీద ఒక పంపుకి అతుక్కుంటుంది. యాంటీబయాటిక్‌ని బయటికి తోసేసే పంపు అది. ఫేజ్ నుంచి తప్పించుకోవాలంటే బ్యాక్టీరియా ఆ పంపుని మార్చుకోవాలి. పంపు పాడైతే యాంటీబయాటిక్ మళ్లీ పనిచేస్తుంది. బృహద్ధమనిలో పెట్టిన కృత్రిమ గొట్టానికి ఏళ్ల తరబడి ఇన్ఫెక్షన్ ఉన్న ఒక పెద్దాయనకి దీన్ని వాడిన వైనం 2018లో రాశారు. రెసిస్టెన్స్, అంటే లొంగకపోవడం, వస్తే రానీ, వచ్చినా మనకే లాభం అనే ఈ ఆలోచన నాకు చాలా నచ్చింది.

సందేహాల శీను | బుధవారం, మధ్యాహ్నం 3:31

వీటిని ఎక్కడెక్కడో పడతారంటున్నారు, అంటే ఎలాగండీ? వల వేసి పట్టినట్టా?

పెట్రి డిష్ | బుధవారం, సాయంత్రం 5:02

ఆసుపత్రి మురుగు ఒక లీటరు తెస్తాం. సూక్ష్మమైన వడపోత గుండా పోనిస్తే బ్యాక్టీరియా పైన ఆగిపోతుంది, ఫేజ్‌లు కిందికి జారతాయి. ఆ నీళ్లని రోగి బ్యాక్టీరియాతో కలిపి, జెల్లీలాంటి పల్చటి అగార్‌లో ప్లేటు మీద పోసి ఒక రాత్రి ఉంచుతాం. పొద్దున్న చూస్తే ప్లేటు అంతా పాలమీగడలా తెల్లగా బ్యాక్టీరియా, మధ్యమధ్య ఎవరో సూదితో గుచ్చినట్టు చిన్న చిన్న ఖాళీలు. ఒక్కో ఖాళీ ఒక్క ఫేజ్ సంతానం. మొదటిసారి అది చూసిన రోజు నేను అన్నం తినడానికి ఇంటికి వెళ్లలేదు, వరసగా అందరినీ పిలిచి చూపించాను.

ఎక్కడైనా దొరకొచ్చు. లండన్‌లో ఊపిరితిత్తులు మార్పిడి చేసిన 15 ఏళ్ల అమ్మాయికి మైకోబ్యాక్టీరియం అబ్సెసస్ అనే బ్యాక్టీరియా పట్టింది. పిట్స్‌బర్గ్‌లో గ్రాహం హాట్‌ఫుల్ ల్యాబ్ మూడు ఫేజ్‌లు పంపింది. అందులో 'మడ్డీ' అనే దాన్ని దక్షిణాఫ్రికాలో కుళ్లిన వంకాయ మీద పట్టారు. మిగతా రెండింటినీ కాపురం పెట్టే రకాల్లోంచి జన్యువు కత్తిరించి చంపే రకాలుగా మార్చారు. 2019లో ఆ కేసు ప్రచురించారు. పూర్తిగా పోలేదు కానీ ఒంటి మీది గడ్డలు మానాయి. తర్వాత అదే బృందం ఆ జాతి ఇన్ఫెక్షన్లున్న 20 మందికి ఇస్తే 11 మందిలో మంచి ఫలితం కనిపించింది.

ఇక్కడ మన దేశంలో కూడా పని జరుగుతోంది. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఆరు వారాలు దాటినా మానని పుండ్లున్న 20 మందికి పైపూతగా ఫేజ్‌లు వాడి 2019లో రాశారు. బెంగళూరులో గంగాజెన్ అనే సంస్థ ఫేజ్‌లోని కోసే ప్రోటీన్‌ని మాత్రమే తీసి స్టెఫైలోకోకస్ అనే బ్యాక్టీరియా మీద ప్రయోగాలు చేసింది. కానీ మందుల షాపులో చీటీ మీద కొనగలిగే లైసెన్సు మందు మనకి లేదు. అమెరికాలోనూ లేదు, అక్కడ అత్యవసర అనుమతి మీద ఇస్తారు.

నక్కవాగు పక్కూరు | బుధవారం, రాత్రి 8:44

మీరంతా చదువుకున్నోళ్లు, నాదొక మాట. మాది పటాన్‌చెరు దగ్గర. ఈ మొండి క్రిములు ఎక్కడ పుడుతున్నయో మాట్లాడకుండా మందు గురించే మాట్లాడితే ఎట్ల? 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు మా దగ్గర మందుల ఫ్యాక్టరీల మురుగు శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీళ్లు పరీక్ష చేస్తే లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ దొరికింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. శుద్ధి చేసినంక నీళ్ల సంగతి అది. ఇసుకవాగు, నక్కవాగు, మంజీర, గట్ల పోయింది అంతా. మా నాయిన ఆ నీళ్లతోనే వరి పెట్టిండు. ఫేజ్ కూడ రేపు ఇట్లనే ఫ్యాక్టరీలల్ల చేసి ఇట్లనే వాగుల కలిపితే?

పెట్రి డిష్ | బుధవారం, రాత్రి 9:15

మీ బాధ న్యాయమైనది. మీ ప్రశ్నకి నేను ఇవ్వగలిగిన జవాబు ఇంతే. ఫేజ్ ఒక్క రకం బ్యాక్టీరియానే పడుతుంది, అది లేనిచోట పెరగదు, కాబట్టి సిప్రోలాగా నీళ్లలోని అన్ని క్రిముల్నీ ఒక్కసారే రెసిస్టెంట్ చేసే ప్రమాదం తక్కువ. కానీ ఫ్యాక్టరీ మురుగుని అదుపు చేయకపోతే, చీటీ లేకుండా మందులు అమ్మడం ఆగకపోతే, ఫేజ్‌తో కలిపి ఇవ్వడానికి కూడా యాంటీబయాటిక్ మిగలదు. షెడ్యూల్ హెచ్‌1 కింద కొన్ని యాంటీబయాటిక్స్‌ని చీటీ లేకుండా అమ్మకూడదని, రిజిస్టరులో రాయాలని 2014 నుంచి నిబంధన ఉంది. ఆ రిజిస్టరు అడిగేవాళ్లు కావాలి.

కొల్లేటి గట్టు | శనివారం, ఉదయం 11:20

అందరికీ ఆలస్యంగా జవాబిస్తున్నాను, ఇక్కడ వరసగా పరుగులే. మంగళవారమే ల్యాబ్‌కి వెళ్లాను. అక్కడ అమ్మాయి వింతగా చూసింది, ఇంతవరకూ ఎవరూ అడగలేదంది. వాళ్ల మేడంని పిలిచింది. ఆవిడ ప్లేటు తీసి చూపించి, రేపు పారేసేదాన్ని అన్నారు. ఇప్పుడది రెండు సీసాల్లో మైనస్ 80లో ఉంది. నంబరు రాసిచ్చారు, నా ఫోన్ కవర్ వెనక పెట్టుకున్నాను.

డాప్లర్‌లో మోకాలి కింద ఒక రక్తనాళం మూసుకుపోయిందని తేలింది, గురువారం బెలూన్ వేసి తెరిచారు. ఎముకలోకి కొంచెం వెళ్లింది, ఆ ముక్క తీశారు. రెండో అభిప్రాయం గారు చెప్పిన రెండు మందుల కలయిక ల్యాబ్‌లో పరీక్ష చేశారు, పనిచేసింది. అవి మొదలై మూడో రోజు. నిన్నటి నుంచి జ్వరం లేదు. మందుల ఖర్చు చెప్పలేను, తమ్ముడు పంపుతున్నాడు. పుండు మానుతుందో లేదో ఇంకా తెలియదు, ఆరు వారాలు పడుతుందన్నారు. మళ్లీ తిరగబడితే సీసా ఉందని డాక్టరుగారే అన్నారు. ఆయన ఫేజ్ గురించి చదువుతున్నారట, ఈ చర్చ లింకు అడిగి తీసుకున్నారు.

కురా ఒడ్డున | శనివారం, ఉదయం 11:48

అక్కా, సీసాలు రెండూ ఒకే ఫ్రీజర్లో ఉన్నాయా? కరెంటు పోతే రెండూ పోతయి. ఒకటి వేరే చోట పెట్టమని అడుగు.

బొబ్బిలి కోడలు | శనివారం, మధ్యాహ్నం 12:30

కొత్తగా చేరాను. మా అత్తగారికి మూత్రంలో ఇన్ఫెక్షన్ ఏడాదిలో అయిదోసారి. నిన్న వచ్చిన కల్చర్ రిపోర్టులో ఈ-కోలై, అన్నీ 'ఆర్' ఉన్నాయి. పైనంతా చదివాను, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

కొల్లేటి గట్టు | శనివారం, మధ్యాహ్నం 12:33

అమ్మా, రిపోర్టు నిన్నే వచ్చిందంటే ప్లేటు ఇంకా ఉండే ఉంటుంది. శనివారం మధ్యాహ్నం రెండింటికి చాలా ల్యాబ్‌లు మూసేస్తారు. మిగతాదంతా తర్వాత చదువుకుందురు, ముందు వాళ్లకి ఫోన్ చెయ్యండి. రిపోర్టు మీద పైన కుడివైపు శాంపిల్ నంబరు ఉంటుంది, అది చేతిలో పెట్టుకుని చెయ్యండి.